తల్లి పురుగు కడుపులో గుడ్డుకు మేత పెట్టేదెవరు?

క్లుప్తంగా: ఒక పురుగు ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎప్పుడు పెడుతుంది అన్నది ముఖ్యంగా మూడు విషయాలను బట్టి ఉంటుంది. గుడ్డును లోపల ఏ కణాలు సాకుతున్నాయి? సొనకు కావలసిన సరుకు ఏ వయసులో తిన్న తిండి నుంచి వస్తోంది? ఆ పని మొదలుపెట్టమని చెప్పే హార్మోన్ ఏది? హిందూపురం పట్టుగుడ్లకు, అనంతపురం వేరుశనగలో గొంగళి పురుగుకు, ఇంటి తొట్టి దగ్గర దోమకు ఈ ప్రశ్నలు ఒకటే. జవాబులు మాత్రం వేరు.

ముంగారులో తొలి పెద్దవాన పడిన కొద్ది రోజులకే అనంతపురం పల్లెల్లో వీధి దీపాల చుట్టూ రెక్కల పురుగులు మూగుతాయి. ఆ తరువాత కొన్నాళ్లకు వేరుశనగ ఆకుల మీద ఎర్ర గొంగళి పురుగులు గుంపులుగా కనబడతాయి. మొన్నటి దాకా ఎండిన ఎర్రనేల మీద లేని పురుగు రాత్రికి రాత్రి వేలల్లో ఎలా వచ్చిందన్న అనుమానం ప్రతి ఏడూ వస్తుంది. 'వానకు పుట్టిన పురుగు' అనే మాట అలాంటప్పుడు వినబడేదే.

వాన చేసింది తలుపు తీయడం మాత్రమే. ఎర్ర గొంగళి పురుగు నిరుడు పంట మీద ఆకు తిని, నేలలోకి దిగి కోశంగా మారి, నెలల తరబడి అక్కడే పడుకుంది. తడి తగలగానే రెక్కలతో బయటికొచ్చిన తల్లి పురుగు పెట్టే గుడ్లలోని సరుకు చాలావరకు నిరుటి శెనక్కాయ ఆకుదే. ఈ ఏటి గొంగళి పురుగుకు పెట్టుబడి నిరుటి పంట. ఈ లెక్క అర్థం కావాలంటే తల్లి పురుగు పొట్ట విప్పి చూడాలి.

## గొట్టాల లెక్క

కీటకాల అండాశయం కోడిపెట్ట అండాశయంలా ద్రాక్షగుత్తి కాదు. అది సన్నటి గొట్టాల కట్ట. ఒక్కో గొట్టాన్ని అండనాళిక అంటారు. గొట్టం పైకొస సన్నటి దారంలా ఉంటుంది. దాని కిందనే అండాలకు మూలమైన కణాలు విభజన చెందే చోటు. అక్కడ మొదలైన అండకణం కిందికి జరుగుతూ పెరుగుతుంది. గొట్టం అడుగుకు చేరేసరికి సొన నిండి, పెంకు కట్టి, పెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. పైన చిన్నవి, కింద పెద్దవి: ఒకే గొట్టంలో గుడ్డు జీవితమంతా వరుసగా కనిపిస్తుంది.

పట్టుపురుగు తల్లికి ఒక్కో వైపు నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది గొట్టాలే. కానీ అది పెట్టే గుడ్లు నాలుగైదు వందలు. అంటే ఒక్కో గొట్టం యాభై అరవై గుడ్ల పూసలదండ. ఆ దండలో పక్కపక్క పూసల మధ్య వయసు తేడా రెండు, రెండున్నర గంటలే. దోమది దీనికి పూర్తిగా తలకిందులు. దానికి సుమారు వంద గొట్టాలుంటాయి. ఒక్కసారి రక్తం తాగితే ఒక్కో గొట్టంలో ఒక్క గుడ్డే పండుతుంది. ఎనిమిది గొట్టాలు యాభైసార్లు పనిచేయడం ఒక పద్ధతి, వంద గొట్టాలు ఒక్కసారి పనిచేయడం ఇంకో పద్ధతి.

తేనెటీగల్లో ఈ గొట్టాల సంఖ్యే రాణిని, కూలీని వేరు చేస్తుంది. రాణికి ఒక్కో అండాశయంలో నూటయాభైకి పైగా గొట్టాలుంటే, పనిఈగకు పన్నెండుకు మించవు. ఇద్దరూ పుట్టేది ఒకే రకం గుడ్డు నుంచి. పిల్లపురుగుగా ఉన్నప్పుడు పెట్టిన తిండిని బట్టి పనిఈగలో చాలా గొట్టాలు మొదట్లోనే చచ్చిపోతాయి. చిన్నప్పటి మేత తరువాతి సంతానాన్ని ఎంత దాకా శాసించగలదో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ కీటకాల్లో దొరకదు.

## దాదులున్న ఇల్లు, లేని ఇల్లు

అండకణం మామూలు కణం కాదు. బయటికొచ్చాక పిండానికి మొదటి గంటల్లో, రోజుల్లో కావలసిన సామగ్రి అంతా ముందే అందులో నింపాలి. ఆ సామగ్రి రెండు రకాలు. ఒకటి తిండి: సొనలోని ప్రొటీను, కొవ్వు, పిండిపదార్థం. రెండోది పని చేయించే సరంజామా: ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు, జన్యువుల సందేశాలు మోసే ఆర్‌ఎన్‌ఏ, శక్తినిచ్చే మైటోకాండ్రియాలు. తిండి ఎక్కువగా బయటి నుంచి వస్తుంది. సరంజామా దగ్గరే కీటకాలు మూడు దారులు పట్టాయి.

మొదటి దారి పాతది. మిడతలు, కీచురాళ్లు, బొద్దింకలు, తూనీగలు, చెదలు ఈ దారిలోవే. వీటిలో అండకణానికి సహాయకులు లేరు. తన కేంద్రకంతో తనే ఆర్‌ఎన్‌ఏ అంతా తయారు చేసుకోవాలి. ఒక్క కేంద్రకం ఇంత పని చేయాలంటే సమయం పడుతుంది. అందుకే కొన్ని కీచురాళ్లలో రైబోసోముల జన్యువును మాత్రం అండకణం అదనంగా ప్రతులు తీసుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది.

రెండో దారి రెక్కల పురుగులు, ఈగలు, దోమలు, తేనెటీగలది. ఇక్కడ మూలకణం విభజన చెందేటప్పుడు పిల్లకణాలు పూర్తిగా విడిపోవు. మధ్యలో చిన్న కంత మిగిలిపోతుంది. పండ్ల ఈగలో ఒక కణం నాలుగుసార్లు ఇలా విభజన చెంది పదహారు కణాల గుత్తి అవుతుంది. అందులో ఒకటే గుడ్డు, మిగతా పదిహేనూ దాది కణాలు. పట్టుపురుగులోనూ, దోమలోనూ మూడుసార్లే విభజన. ఒక గుడ్డు, ఏడుగురు దాదులు. ఒకే తల్లికి పుట్టిన అక్కచెల్లెళ్లలో ఒకరిని నిలబెట్టి మిగతావాళ్లంతా ఆమెకు వండిపెట్టడం లాంటిది ఈ ఏర్పాటు.

దాది కణాల బలం వాటి జన్యు ప్రతుల్లో ఉంది. అవి విభజన ఆపేసినా డీఎన్‌ఏను మాత్రం పదేపదే ప్రతులు తీస్తూనే ఉంటాయి. మామూలు కణంలో రెండు ప్రతులుంటే, ఎదిగిన దాది కణంలో వందల్లో ఉంటాయి. అలాంటివి పదిహేను కలిస్తే వేల ప్రతుల నుంచి ఒకేసారి ఆర్‌ఎన్‌ఏ తయారై కంతల గుండా గుడ్డులోకి వెళుతుంది. మిడత అండకణం ఒంటరిగా చేసే పనికి ఇక్కడ ఒక కార్ఖానానే ఉంది. చివరి ఘట్టంలో దాది కణాలు పిండేసినట్లు ముడుచుకుని, లోపల మిగిలినదంతా గుడ్డులోకి వదిలేస్తాయి. పండ్ల ఈగలో ఈ చివరి వడ్డన అరగంట పనే. తరువాత దాదులు చచ్చిపోతాయి. పెట్టిన గుడ్డులో వాటి ఆనవాలు విడిగా కనబడదు, వాటి సరుకంతా గుడ్డులోనే కలిసిపోయింది.

మూడో దారి రసం పీల్చే పురుగులది, పెంకు పురుగుల్లో చాలావాటిది. దాది కణాలన్నీ గొట్టం పైకొసలోనే ఉండిపోతాయి. గుడ్డు కిందికి జరిగేకొద్దీ దాన్ని పైనున్న వంటగదితో కలిపే సన్నటి తాడు సాగుతూ వస్తుంది. పేనుబంక, తెల్లదోమ, పచ్చదోమ, పత్తికాయల మీద గుంపులుగా చేరి దూదికి మరక పట్టించే ఎర్ర పురుగు అన్నీ ఈ కోవలోవే. వేరుశనగ వేర్లు కొరికే వేరు పురుగు తల్లి, అంటే దాని పెంకు పురుగు, కూడా ఇందులోదే.

ఈ మూడింటిలో ఒకటి మేలు, ఒకటి తక్కువ అనడానికి లేదు. తామర పురుగులే ఇందుకు సాక్ష్యం. 2000లో అనంతపురం వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్లు వైరస్, వయ్యారిభామ పుప్పొడితో పాటు ఈ తామర పురుగుల వల్లే చేలకు చేరింది. వీటి పూర్వీకులకు దాది కణాలుండేవని కీటక శాస్త్రజ్ఞుల అంచనా. తరువాత అవి వాటిని వదిలేసి మళ్లీ మిడత దారికే వచ్చాయి. దాదులు లేకపోయినా వాటి సంతతికి లోటేమీ రాలేదని మిరప రైతులను అడిగినా చెబుతారు.

## సొన గుడ్డులో పుట్టదు

సొన మాత్రం మూడు దారుల్లోనూ చాలావరకు బయటి సరుకే. కీటకం కడుపులో తెల్లగా, పసుపుగా పరుచుకుని ఉండే కొవ్వు కణజాలం మన కాలేయం లాంటిది. తిన్నదంతా అక్కడికి చేరుతుంది. అక్కడే విటెల్లోజెనిన్ అనే సొన ప్రొటీన్ తయారై రక్తంలోకి వస్తుంది. కీటకాలకు రక్తనాళాలు లేవు కాబట్టి అండనాళికలు నేరుగా ఆ ద్రవంలోనే తేలుతుంటాయి. ఈ ప్రొటీన్ కొవ్వు కణజాలంలో తయారవుతుందని 1969లో పట్టుపురుగు జాతి మీద, బొద్దింక మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. ఈగల జాతి కొంచెం వేరు. అవి వేరే రకం ప్రొటీన్లను సొనగా వాడతాయి, వాటిలో కొంత భాగాన్ని గుడ్డు చుట్టూ ఉండే కణాలే తయారు చేస్తాయి.

రక్తంలో ఉన్నది గుడ్డులోకి ఎలా వెళుతుంది? గుడ్డు చుట్టూ పుటిక కణాల పొర ఒకటి గోడలా ఉంటుంది. సరైన సమయంలో ఆ కణాలు కాస్త ముడుచుకుని వాటి మధ్య సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల గుండా సొన ప్రొటీన్ గుడ్డు పొరను తాకుతుంది. గుడ్డు పొర మీద దాన్ని గుర్తుపట్టి పట్టుకునే గ్రాహకాలున్నాయి. పట్టుకున్న చోట పొర గుంటలా లోపలికి కుంగి, చిన్న సంచిగా తెగి లోపలికి పోతుంది.

ఈ గుంటలను మొదటిసారి స్పష్టంగా చూపించింది దోమ గుడ్డే. 1964లో రోత్, పోర్టర్ అనే శాస్త్రజ్ఞులు డెంగీ దోమ రక్తం తాగిన ఏడు గంటలకు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే గుడ్డు పొర మీద గుంటలు పదిహేను రెట్లు పెరిగి కనిపించాయి. మనిషి కణాలు రక్తం నుంచి కొలెస్టరాల్‌ను లోపలికి తీసుకునేది ఇలాంటి గుంటల ద్వారానే. ఆ పని విప్పిచెప్పిన బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమ గుడ్డు మీది గ్రాహకమూ, మన కాలేయంలోని కొలెస్టరాల్ గ్రాహకమూ ఒకే వంశానివి.

సొనలో ప్రొటీన్ ఒక్కటే ఉండదు. కొవ్వు రక్తంలోని వేరే వాహక ప్రొటీన్ మీద వస్తుంది. కీటకాలు స్టెరాల్‌ను (కొలెస్టరాల్ జాతి పదార్థం) సొంతంగా తయారు చేసుకోలేవు కాబట్టి అదీ ఆకు నుంచే రావాలి. చివర్లో ఆ పుటిక కణాలే పని మార్చుకుని గుడ్డు పైన పెంకు కడతాయి. ఆ పెంకులో గాలి ఆడే సన్నటి రంధ్రాలు, వీర్యకణం లోపలికి వచ్చే ఒక కంత ఉంటాయి. గుడ్డు తయారవడానికి మగపురుగు అవసరం లేకపోవడం ఇందుకే. తల్లి తన సంచిలో దాచుకున్న వీర్యం గుడ్డు బయటికి జారే ఆ కొద్ది క్షణాల్లోనే కంతలోంచి లోపలికి వెళుతుంది. ఆదోని వైపు పత్తి చేలల్లో పెట్టే లింగాకర్షక బుట్టల వెనక ఉన్న తర్కం కూడా ఇదే. మగపురుగు బుట్టలో పడితే ఆడ గులాబీ రంగు పురుగు గుడ్డు కడుపులో తయారవడం ఆగకపోవచ్చు. కానీ అది పొదగదు.

## మొదలుపెట్టమని ఎవరు చెబుతారు?

1936లో విగిల్స్‌వర్త్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు రక్తం పీల్చే ఒక దక్షిణ అమెరికా నల్లి మీద చేసిన ప్రయోగం దీనికి పునాది. ఆ పురుగు తల తీసేసినా చాలాకాలం బతుకుతుంది. మెదడు వెనక ఉన్న ఒక చిన్న గ్రంథికి ముందు భాగంలో కోస్తే గుడ్లు పెరిగాయి. దాని వెనక కోస్తే సొన పట్టే దశలో ఆగిపోయాయి. ఆ గ్రంథి వదిలేదే జువెనైల్ హార్మోన్. పిల్లపురుగును పిల్లగానే ఉంచే ఈ హార్మోన్, పెద్దదయ్యాక చాలా కీటకాల్లో గుడ్డుకు సొన పట్టించే పని చేపడుతుంది. పుటిక కణాల మధ్య సందులు తెరిపించేదీ అదే.

దోమలో ఈ పని రెండు అంచెలు. రెక్కలొచ్చిన తొలి రోజుల్లో జువెనైల్ హార్మోన్ గుడ్లను కొంతవరకు పెంచి ఆపుతుంది. అక్కడ గుడ్డు రక్తం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. రక్తం తాగగానే అందులోని అమైనో ఆమ్లాలూ, మెదడు నుంచి వచ్చే సంకేతాలూ కలిసి అండాశయం చేత ఎక్డైసోన్ అనే ఇంకో హార్మోన్‌ను తయారు చేయిస్తాయి. అది కొవ్వు కణజాలాన్ని తట్టి లేపుతుంది. మూడు రోజులకల్లా సుమారు వంద గుడ్లు సిద్ధం. ఆడదోమే కుట్టడానికి కారణం ఈ వంద గుడ్ల ప్రొటీన్ ఖర్చే. మగదోమకు పువ్వుల తేనె చాలు.

ప్రతి విడతా అండనాళికలో ఒక గుర్తు వదిలిపోతుంది. గుడ్డు జారిపోయిన చోట గొట్టం కాస్త ఉబ్బి ఉండిపోతుంది. మలేరియా నిపుణులు దోమను కోసి ఆ గుర్తులు చూసి అది ఇదివరకు గుడ్లు పెట్టిందో లేదో చెబుతారు. గుడ్లు పెట్టిన దోమ అంతకుముందు కనీసం ఒకసారి రక్తం తాగినట్లే, అంటే రోగక్రిమి దానికి అంటే అవకాశం ఉన్నట్లే. కుళాయి నీళ్లు రోజూ రాని ఊళ్లలో తొట్లు, డ్రమ్ములు నింపి ఉంచుకోవడం తప్పదు. డెంగీ దోమ గుడ్లు నీటిమట్టానికి కాస్త పైన గోడకు అతుక్కుని, ఎండినా నెలల తరబడి నిలుస్తాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు, తొట్టి గోడను రుద్దాలని చెప్పేది అందుకే.

## మల్బరీ ఆకు గుడ్డు కావడం

పట్టుపురుగు కథ దోమకు ఎదురు దిక్కులో నడుస్తుంది. రెక్కలొచ్చాక అది ఏమీ తినదు. గుడ్డుకు పట్టే ప్రతి కణమూ పురుగుగా ఉన్న ఇరవై ఐదు రోజుల్లో తిన్న మల్బరీ నుంచే రావాలి. ఆ తిండిలోనూ ఎక్కువ భాగం చివరిదైన నాలుగో జ్వరం (పురుగు మేత మాని పొర విడిచే విరామం) తరువాతి వారంలోనే తింటుంది. ఆ వారంలో ఆకు తక్కువైనా, ముదురాకు వేసినా దెబ్బ పట్టుగూడు బరువు మీద ఒక్కటే పడదు. విత్తన గూళ్లయితే తరువాతి తరం గుడ్ల లెక్క కూడా తగ్గుతుంది. గూటిలో కోశంగా ఉన్న రోజుల్లోనే, జువెనైల్ హార్మోన్‌తో పెద్దగా పని లేకుండా, ఎక్డైసోన్ నడిపింపుతో సొన పట్టడం దాదాపు పూర్తవుతుంది. రెక్కల పురుగు బయటపడేసరికి ఎనిమిది పూసలదండలూ సిద్ధంగా ఉంటాయి.

పట్టు రైతుల మాటలో 'వంద గుడ్లు' అంటే వంద గుడ్లు కాదు. వంద తల్లుల గుడ్లు, అంటే నలభై యాభై వేల పురుగులు. బయటివాళ్లను తికమకపెట్టే ఈ లెక్క శాస్త్రం దృష్ట్యా సబబే. ఒక తల్లి కడుపులో ఏం జరిగిందో అది ఆమె గుడ్లన్నిటికీ ఒకేలా వర్తిస్తుంది. రోగమూ అంతే. పెబ్రిన్ రోగం తెచ్చే సూక్ష్మజీవి తల్లి అండాశయంలోకి చేరి, గుడ్డు పెరిగేటప్పుడే అందులోకి ప్రవేశిస్తుంది. పెంకు పైన ఎంత కడిగినా పోదు. అందుకే గుడ్లను పరీక్షించడం కంటే తల్లిని నూరి మైక్రోస్కోపులో చూడటం మేలని 1860ల చివర్లో పాశ్చర్ తేల్చాడు. పట్టుగుడ్లు తయారుచేసే గ్రైనేజీల్లో ఈనాటికీ అదే పద్ధతి. తల్లిలో బీజాలు కనిపిస్తే ఆమె పెట్టిన గుడ్లన్నీ కాల్చేస్తారు.

ఏడాదికి రెండు తరాలు వచ్చే బైవోల్టిన్ రకాల్లో ఇంకో వింత ఉంది. గుడ్డు వెంటనే పొదగాలా, నెలల తరబడి నిద్రపోవాలా అన్నది ఆ గుడ్డు తేల్చుకోదు. తల్లి కోశదశలో ఉండగా ఆమె తలలోని నాడీముడి నుంచి వచ్చే ఒక హార్మోన్ అండాశయం చేత ఎక్కువ చక్కెర లాగిస్తుంది. ఆ చక్కెర గుడ్డులో గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది. అలాంటి గుడ్లు పెట్టిన రెండు మూడు రోజులకు నల్లబడి నిద్రలోకి పోతాయి. ఆ హార్మోన్ వదలాలా వద్దా అన్నది తల్లి తను గుడ్డుగా ఉన్నప్పుడు చూసిన వేడి, వెలుతురుల మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల వేడిలో వెలుతురులో పొదిగిన గుడ్డు నుంచి వచ్చిన తల్లి నిద్రపోయే గుడ్లు పెడుతుంది. 15 డిగ్రీల్లో చీకట్లో పొదిగితే నిద్రపోని గుడ్లు. ఒక తరం అనుభవం తరువాతి తరం గుడ్డులో సరుకుగా మారడం ఇక్కడ కళ్లెదుట కనిపిస్తుంది.

నిద్రపోని గుడ్లు పెట్టే మైసూరు రకం తల్లికీ బైవోల్టిన్ మగదానికీ పుట్టిన సంకరం గుడ్లు ఎప్పుడూ నిద్రపోకుండా పొదగడం ఇందువల్లనే. గుడ్డును నింపేది తల్లి, తండ్రి ఏ రకమైనా ఆ నిర్ణయంలో చెయ్యి వేయలేదు. అదే బైవోల్టిన్ తల్లి గుడ్లనైతే వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు ముంచి నిద్ర తప్పించాలి.

రాయలసీమ ఎండ ఇక్కడే అడ్డు వస్తుంది. గూడు అల్లే రోజుల్లో, కోశదశలో వేడి 33 డిగ్రీలు దాటితే బైవోల్టిన్ మగపురుగుల వీర్యం దెబ్బతింటుంది, ఆడవాటి గుడ్లూ తగ్గుతాయి. హిందూపురం దగ్గర కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉండటానికీ, ఈ ప్రాంతానికి తట్టుకునే సంకరాల కోసం వెతుకులాటకూ ఈ వేడి ఒక ముఖ్య కారణం. కర్నూలు మే నెల ఎండను బైవోల్టిన్ విత్తనం తట్టుకోవడం కష్టం.

## పొలంలో ఇది ఎక్కడ తేలుతుంది?

గుడ్డుకు ఏ తిండి ఖర్చవుతోందన్నది తెలిస్తే పురుగును ఎక్కడ ఆపవచ్చో తెలుస్తుంది. ఎర్ర గొంగళి పురుగు తల్లి దాదాపు నిండు కడుపుతో నేలలోంచి వస్తుంది. ఆమెకు మేత లేకుండా చేసి గుడ్లు తగ్గించడం కుదరదు. అందుకే వాన పడిన రాత్రుల్లో దీపపు ఎరలు, గట్ల మీద మంటలు, ఊరంతా ఒకేసారి పెట్టాలంటారు. ఒక్క రైతు ఒక్క చేనులో పెడితే పక్క చేనులో పడ్డ గుడ్లు మిగిలే ఉంటాయి.

వేరు పురుగు కూడా వానకే లేస్తుంది. కానీ దాని పెంకు పురుగు రాత్రుళ్లు వేప, రేగు లాంటి చెట్ల ఆకులు తిని, ఆ బలంతో గుడ్లు పండించుకుని తరువాత చేలో నేలలోకి దిగి పెడుతుంది. మధ్యలో కొన్ని రోజుల వ్యవధి దొరుకుతుంది. చెట్టుకొమ్మలు దులిపి పురుగులను ఏరడం, చెట్లకు మందు కొట్టడం ఆ వ్యవధిలో చేస్తేనే ఫలితం. రెండూ వానకు వచ్చే పురుగులే, రెండూ వేరుశనగవే. ఒకదానికి దీపం, ఇంకోదానికి చెట్టు.

పప్పుశనగను తొలిచే శనగపచ్చ పురుగు తల్లి ఈ రెండింటికీ నడుమ ఉంటుంది. అది రెక్కలొచ్చాక పువ్వుల తేనె తాగుతుంది, జువెనైల్ హార్మోన్ సాయంతో అప్పుడు గుడ్లు పండించుకుంటుంది, జత కట్టాక వేగం పెంచుతుంది. విడివిడిగా, ఒక్కొక్కటిగా, రోజుల తరబడి పెడుతుంది. ఒకసారి మందు కొట్టి ఊరుకుంటే సరిపోకపోవడానికి ఇది ఒక కారణం.

పేనుబంక సంగతి అన్నిటికంటే వేరు. మన వేడి ప్రాంతంలో అది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. మగదాంతో పని లేదు. సొన దాదాపు లేని చిన్న అండం అండనాళికలోనే పిండంగా పెరిగి, తల్లి రసాన్ని నేరుగా పీల్చుకుంటుంది. ఆకురసంలో దొరకని అమైనో ఆమ్లాలను తయారుచేసి ఇచ్చే బాక్టీరియాను కూడా తల్లి అక్కడే పిండంలోకి పంపిస్తుంది. పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే తరువాతి పిండాలు మొదలై ఉంటాయి. తల్లి కడుపులో కూతురు, కూతురి కడుపులో మనవరాలు. వానకూ వానకూ మధ్య ఎండ కాసిన రెండు వారాల్లో వేరుశనగ మొవ్వులు పేనుబంకతో నల్లబడటానికి కారణం ఈ అండాశయమే.

వేపగింజల కషాయం పని కూడా ఈ అండాశయం దగ్గరే కొంత తేలుతుంది. అందులోని అజాడిరక్టిన్ మెదడు నుంచి వచ్చే సంకేతాలను చెదరగొట్టి జువెనైల్ హార్మోన్, ఎక్డైసోన్‌లు వేళకు రాకుండా చేస్తుంది. మిడతల మీద చేసిన ప్రయోగాల్లో సొన ప్రొటీన్ తగ్గి, సగం పెరిగిన గుడ్లు లోపలే కరిగిపోయాయి. కొట్టిన మర్నాడు పురుగు బతికే కనబడుతుంది కాబట్టి కషాయం పనిచేయలేదనే మాట వస్తుంది. దెబ్బ తగిలింది చాలావరకు పెరుగుదలకూ, రాబోయే గుడ్లకూ. (వేపాకు తినే వేరు పురుగు తల్లికి ఏమీ కాదెందుకు అన్న ప్రశ్న న్యాయమైనదే. అజాడిరక్టిన్ ప్రధానంగా ఉండేది గింజలో, ఆకులో చాలా తక్కువ.)

జువెనైల్ హార్మోన్‌ను అనుకరించే మందులూ ఉన్నాయి. పైరిప్రాక్సిఫెన్ తగిలిన తెల్లదోమ పెట్టిన గుడ్లు పొదగవు. ఇలాంటి మందులు మల్బరీ తోటల పక్కన ఎగిరిపడితే మాత్రం కష్టం. పట్టుపురుగుకు అదే హార్మోన్ కాబట్టి అది పిల్లదశలోనే ఉండిపోయి గూడు అల్లదు. ఇటలీలో పండ్లతోటల్లో వాడిన ఫెనాక్సికార్బ్ అనే మందు వల్ల పట్టు పరిశ్రమ ఇలాగే దెబ్బతింది.

## కరువు వస్తే గుడ్డు ఏమవుతుంది?

గుడ్డులో పెట్టిన పెట్టుబడిని వెనక్కు తీసుకునే వీలు కూడా చాలా కీటకాలకు ఉంది. తిండి చాలకపోయినా, పెట్టే చోటు దొరక్కపోయినా, సగం పండిన గుడ్డును అండనాళికలోనే కరిగించి ఆ సరుకును తల్లి మళ్లీ వాడుకుంటుంది. దోమ తాగిన రక్తం తక్కువైతే వంద గొట్టాల్లో కొన్నిటి గుడ్లను కరిగించి మిగతావాటిని నిలబెడుతుంది. మిడతల్లో ఇది ఇంకా ఎక్కువ.

2020 మే నెలలో ఉత్తరాదిని మిడతల దండు వణికించిన రోజుల్లోనే రాయదుర్గంలో జిల్లేడు చెట్ల మీద మిడతలు గుంపుగా కనబడి జనం బెదిరిపోయారు. అవి జిల్లేడు తినే స్థానిక మిడతలేనని, పంటకు భయం లేదని అధికారులు చెప్పాక ఆందోళన తగ్గింది. ఎడారి మిడత సంగతి వేరు. అది తడి ఇసుక దొరికితేనే గుడ్ల కట్ట దించుతుంది. ఒంటరిగా తిరిగే తల్లి ఒక్కో కట్టలో దాదాపు నూరు నుంచి నూటయాభై దాకా గుడ్లు పెడితే, దండులో తిరిగే తల్లి ఎనభైకి లోపే పెడుతుంది. కానీ ఆ గుడ్లు పెద్దవి, వాటిలోంచి వచ్చే పిల్లలూ పెద్దవే. దాది కణాల సాయం లేని ఆ అండాశయం, తల్లి చుట్టూ గుంపు ఎంత ఉందో దాన్ని బట్టి గుడ్డు పరిమాణాన్ని మారుస్తోంది.

తిండి లేక కరిగించుకున్న గుడ్డు కూడా ఆనవాలు లేకుండా పోదు. గుడ్డు జారిపోయిన చోట ఒక రకం మచ్చ, కరిగిపోయిన చోట ఇంకో రంగు మచ్చ గొట్టం అడుగున ఉండిపోతాయి. మిడతను కోసి ఆ మచ్చలు లెక్కపెడితే అది ఎన్ని గుడ్లు పెట్టిందో తెలుస్తుంది. కడుపులో మొదలైన ఎన్ని గుడ్లను తిండి అందక వదులుకుందో కూడా తెలుస్తుంది.